పాత కారుకి కొత్త ఒళ్ళు

ఎంజీ అనగానే ఇప్పుడు మనవాళ్ళకి గుర్తొచ్చేది హెక్టర్. 2019లో గుజరాత్‌లోని హలోల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి. మాదాపూర్లో ఏ ఆఫీసు పార్కింగులో చూసినా నాలుగైదు కనిపిస్తాయి. దాని ముక్కు మీద ఎనిమిది మూలల బిళ్ళ ఒకటుంటుంది చూడండి, అది మాత్రం హలోల్‌లో పుట్టింది కాదు. దాన్ని కొనుక్కున్న చైనా కంపెనీదీ కాదు. 1920లలో ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో మోరిస్ గ్యారేజెస్ అని ఒక కార్ల షాపు ఉండేది. దాని మేనేజరు సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకి సన్నటి బాడీలు తొడిగించి, కాస్త జోరు పెంచి అమ్మేవాడు. షాపు పేరులోని రెండక్షరాలే ఎంజీ. గిరాకీ పెరిగాక దగ్గర్లోనే ఉన్న అబింగ్డన్‌కి మారి, అక్కడే యాభై ఏళ్ళు స్పోర్ట్స్ కార్లు చేశారు.

ఈ టపా ఆ కంపెనీ గురించి కాదు. 1962లో అది తెచ్చిన ఎంజీబీ అనే రెండు సీట్ల కారు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ కారుని ఇంటి గ్యారేజీల్లో విప్పి, అతుకులేసి, రంగులేసి బతికించుకుంటున్న జనం గురించి. పాత కార్ల ముచ్చట అనగానే డబ్బున్నవాళ్ళ సరదా అనుకుంటాం. ఫెరారీల విషయంలో అది నిజమే. ఎంజీబీ అలా కాదు. గుమాస్తాలు, స్కూలు మాస్టర్లు, రిటైరైన రైల్వేవాళ్ళు దీన్ని కొనుక్కుని శని, ఆదివారాలు దాని కింద పడుకుంటారు. అది ఎలా సాధ్యమైందన్నదే నాకు ఆసక్తి. మనం రోజూ ఆఫీసులో తిట్టుకునే లెగసీ సిస్టం గొడవే ఇది, కాకపోతే ఇనుములో :)

ముందు కారు సంగతి. దీని డిజైన్ పెద్ద సిడ్ ఎనెవర్ అనే ఇంజనీరు. ఇంతకు ముందు మోడల్ ఎంజీఏకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. ఎంజీబీకి ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిపి వెల్డ్ చేసిన ఒకే పెట్టె, దానికే ఇంజనూ చక్రాలూ తగిలించారు. ఇంజను మాత్రం కొత్తదేమీ కాదు. బీఎంసీ కంపెనీ అప్పటికే వ్యానుల నుంచి ఇంటి కార్ల దాకా వాడుతున్న బీ-సిరీస్ ఇంజన్నే 1798 సీసీకి పెంచి పెట్టారు. గొప్ప టెక్నాలజీ ఏదీ లేదు. 1962కే అది పాతకాలపు సరుకు.

బీ-సిరీస్ అంటే మనకి పరాయిది కాదండోయ్. మన అంబాసిడర్‌కి దశాబ్దాల పాటు ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజను ఈ కుటుంబందే. 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టిందీ అదే 1489 సీసీ. ట్యూనింగు వేరు, ఎంజీఏకి కార్బ్యురేటర్లు రెండు, అంతే. అంటే కోఠీలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అంబాసిడర్ హెడ్డు దింపి వాల్వులు గ్రైండ్ చేసిన మెకానిక్‌ని తీసుకెళ్ళి అబింగ్డన్‌లో నిలబెడితే, బానెట్ ఎత్తగానే పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వేవాడు. ఇంటి దగ్గర రిపేరు ఎందుకు సాధ్యమైందో సగం జవాబు ఇక్కడే ఉంది. మామూలు సామాన్లతో చేసిన కారు కాబట్టి మామూలు మనిషికి లొంగింది.

18 ఏళ్ళలో 5 లక్షల పైచిలుకు చేశారు. అందులో సగానికి పైగా అమెరికా వెళ్ళాయి. అమెరికావాళ్ళు బంపర్ల ఎత్తు గురించి రూల్సు మార్చితే, 1974 చివర్లో మెరిసే క్రోమ్ బంపర్లు తీసేసి నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, కారుని ఎత్తు లేపారు. మలుపుల్లో తూలడం మొదలెట్టింది. మాతృసంస్థ బ్రిటిష్ లేలాండ్ అప్పటికే అప్పుల్లో ములిగి ఉంది. 1979 సెప్టెంబర్లో అబింగ్డన్ ఊరంతా ఎంజీ వచ్చి యాభై ఏళ్ళైందని పండగ చేసుకుంది. ఆ సంబరాలు ముగిసిన మర్నాడే, సోమవారం, సెప్టెంబర్ 10న ఫ్యాక్టరీ మూసేస్తున్నామన్న ప్రకటన వచ్చింది. మన దగ్గర టౌన్‌హాల్‌లో కేకు కోయించి మర్నాడు పింక్ స్లిప్పులిచ్చే హెచ్చార్ వాళ్ళు ఈ విద్య అక్కడే నేర్చుకున్నారేమో! 1980 అక్టోబర్లో చివరి కారు బయటికొచ్చింది.

ఇక అసలు శత్రువు తుప్పు. ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కారు కింద బోలు పెట్టెల్లాంటి చోట్లలోకి చేరి లోపల్నుంచి తింటాయి. ఎంజీబీలో ముఖ్యంగా తినేది సిల్. తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా ఉండే భాగం అది. బయటికి ఒక రేకులా కనిపిస్తుంది గానీ లోపల రెండు మూడు రేకులు కలిసి దూలంలా పనిచేస్తాయి. టాపు లేని కారు కదా, పైన పట్టి ఉంచే కప్పు లేదు. కారు బలమంతా ఆ రెండు దూలాల్లోనే.

ఇది తెలీకుండా కోసినవాళ్ళ కథలు అక్కడ కొల్లలు. తుప్పు పట్టిన సిల్ కోసేస్తే కారు నడుం విరిగినట్టు మధ్యలో కుంగుతుంది. ఆ కుంగిన కారుకి కొత్త సిల్ వెల్డ్ చేస్తే వంకర శాశ్వతం. ఇక తలుపు జన్మలో పడదు. అందుకని కోసే ముందు తలుపు సందులో అడ్డంగా ఇనప కడ్డీలు బిగించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. రన్నింగులో ఉన్న డేటాబేస్‌ని మైగ్రేట్ చేసినట్టే, సపోర్టు పెట్టకుండా ఏదీ పీకకూడదు. ఇంత శ్రమ ఎందుకని తుప్పు మీదే ఇంకో రేకు కప్పి, పుట్టీ రుద్ది, రంగు కొట్టి అమ్మినవాళ్ళూ బోలెడంత మంది. కొనేవాళ్ళు జేబులో అయస్కాంతం పెట్టుకెళ్ళడం అక్కడ మామూలు. రేకున్న చోట అంటుకుంటుంది, పుట్టీ ఉన్న చోట జారిపోతుంది.

ఈ పని ఇళ్ళల్లోకి రావడానికి ప్రభుత్వం కూడా ఒక కారణం. 1960లో పాత బళ్ళకి ఏటా తనిఖీ పరీక్ష పెట్టారు. 1967 నుంచి మూడేళ్ళు దాటిన ప్రతి కారుకీ అది తప్పనిసరి. బలాన్నిచ్చే చోట తుప్పు కనిపిస్తే ఫెయిలే. వర్క్‌షాపులో వెల్డింగు చేయిస్తే కారు ధరకంటే బిల్లే ఎక్కువ. ఇంకేం చేస్తారు, చాలామంది సొంతంగా నేర్చుకున్నారు.

నేర్చుకోవడానికి పుస్తకం కావాలి కదా. జాన్ హేన్స్ అనే ఆయన రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసేవాడు. కంపెనీవాళ్ళు ఇచ్చే మాన్యువల్ డీలర్ల కోసం రాసింది, ప్రత్యేకమైన పనిముట్లు ఉన్నాయనుకుని రాసింది, మామూలు మనిషికి పనికిరాదని ఆయన గమనించాడు. ఒక కారుని పూర్తిగా విప్పుతూ, మెట్టుమెట్టుకీ ఫోటో తీస్తూ, మళ్ళీ బిగిస్తూ పుస్తకం రాశాడు. 1966లో అలా వచ్చిన మొదటి హేన్స్ మాన్యువల్ ఆస్టిన్-హీలీ స్ప్రైట్ మీద. ఆ స్ప్రైట్ కూడా అబింగ్డన్‌లోనే తయారయ్యేది. విప్పడం పేజీలకి పేజీలు వివరించి, బిగించడం దగ్గరకొచ్చేసరికి ఇదే వరుస తిరగేసి చెయ్యమని ఒక్క ముక్కతో తేల్చేస్తారని ఈ పుస్తకాల మీద అక్కడ ఇప్పటికీ జోకులు. మన రోల్‌బ్యాక్ ప్లాన్ డాక్యుమెంట్లు గుర్తు రావట్లేదూ? అయినా నా మటుకు నాకు, ఇరవయ్యో శతాబ్దపు టెక్నికల్ రైటింగ్‌లో ఇంత మందికి ఇంత ఉపయోగపడినవి చాలా తక్కువ. రాసినవాడు తన చేతులకి మసి పూసుకునే రాశాడు.

ఇప్పుడు రంగు. చరిత్ర ఇక్కడే రుచిగా ఉంటుంది కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

మొదట్లో కార్లకి గుర్రబ్బగ్గీల రంగులే వేసేవారు. వార్నిషు ఒక్కో పూతా ఆరాలి, రుద్దాలి, మళ్ళీ పూయాలి. ఒక్క కారుకి వారాలు పట్టేది. ఫోర్డ్ 1914 నుంచి చాలా ఏళ్ళు మోడల్ టీని నలుపులోనే ఇచ్చాడంటే వేగం కోసమే. 1920ల మొదట్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్‌తో ఒక లాకర్ చేసి దానికి డ్యూకో అని పేరు పెట్టింది. గన్‌తో పిచికారీ చేస్తే నిమిషాల్లో ఆరుతుంది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద నీలం రంగులో జనరల్ మోటార్స్ దాన్ని మొదట వాడింది. వారాల పని గంటల్లోకి వచ్చింది, కార్లకి రంగులొచ్చాయి. మన ఊళ్ళల్లో వడ్రంగులూ పెయింటర్లూ ఇప్పటికీ డ్యూకో పెయింట్ అంటారే, బీరువాకో టేబుల్‌కో వేయించుకోమని, ఆ మాట ఇక్కణ్ణుంచి వచ్చిందే. వందేళ్ళ నాటి బ్రాండు పేరు మన ఇళ్ళల్లో మామూలు మాటైపోయింది.

ఈ సెల్యులోజ్ రంగుకి ఒక మంచి గుణం ఉంది. అది ఆరడమంటే థిన్నర్ ఎగిరిపోవడమే, రసాయనంగా మారేది ఏమీ లేదు. అంచేత పై పూత వేసినప్పుడు కింది పూతని కొంచెం కరిగించి దాంట్లో కలిసిపోతుంది. ఎక్కడైనా కారిందా, దుమ్ము పడిందా? ఆరనిచ్చి, నీళ్ళలో ముంచిన వాటర్ పేపర్‌తో రుద్దేసి మళ్ళీ కొట్టొచ్చు. తప్పు చేస్తే సర్దుకునే అవకాశం ఇచ్చే రంగు. ఇంటి గ్యారేజీలో, చిన్న కంప్రెసర్‌తో, మొదటిసారి గన్ పట్టుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

నేను ఆన్‌సైట్‌లో ఉన్న రోజుల్లో మా టీములో ఒక పెద్దాయన ఉండేవాడు, పాతికేళ్ళ మెయిన్‌ఫ్రేమ్ మనిషి. ఆయన గ్యారేజీలో కప్పున్న రకం ఎంజీబీ జీటీ ఒకటి పదకొండేళ్ళుగా విప్పి ఉంది. బోల్టులన్నీ చిన్న చిన్న కవర్లలో, ఒక్కోదాని మీద చీటీ. ప్రైమర్ కొట్టాక దాని మీద పల్చగా నల్లరంగు పొగలా చల్లాడు. ఎందుకంటే నవ్వి, చూస్తూ ఉండమన్నాడు. చదునైన చెక్కకి వాటర్ పేపర్ చుట్టి రుద్దుతుంటే ఎత్తుగా ఉన్న చోట నలుపు పోతోంది, గుంటలో మిగిలిపోతోంది. కంటికి కనిపించని సొట్టలన్నీ మ్యాపులాగా బయటపడ్డాయి. నేను చూసిన టెస్టింగు పద్ధతుల్లో ఇంత చవకైంది లేదు. రంగు ఎప్పుడు కొడతావంటే మే నెల అన్నాడు. అప్పుడు నవంబరు. గాలిలో తేమ ఉంటే థిన్నర్ ఎగిరిపోతూ రేకుని చల్లబరుస్తుంది, దాని మీద నీటి ఆవిరి పట్టి రంగు తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది. ఆరునెలలు ఆగడం ఆయనకి పెద్ద విషయం కాదు. మా ప్రాజెక్టు ప్లానులో అలాంటి ఓపిక ఒక్క పేజీలోనూ ఉండేది కాదు.

తర్వాతి కాలంలో కార్ల వర్క్‌షాపులు హార్డనర్ కలిపే రెండు డబ్బాల రంగుకి మారాయి. గట్టిది, మెరుపు దానంతటదే వస్తుంది, పాలిష్ అక్కర్లేదు. కానీ ఆ హార్డనర్లో ఐసోసయనేట్లు ఉంటాయి. గన్ లోంచి వచ్చే సన్నటి తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్త్మా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. ముక్కుకి కట్టుకునే మామూలు బొగ్గు ఫిల్టర్ మాస్కు దీనికి చాలదు, బయటి నుంచి గొట్టంతో మంచిగాలి అందించే మాస్కు కావాలి. ఇంటి గ్యారేజీలో ఎవరు పెట్టుకుంటారు? అలా ఇంటివాళ్ళకి సెల్యులోజే మిగిలింది.

దానికీ ఒక గండం వచ్చింది. సెల్యులోజ్‌లో థిన్నర్ చాలా ఎక్కువ, అదంతా గాల్లో కలిసేదే. యూరోపియన్ యూనియన్ 2004లో ఇలాంటి ఆవిరుల మీద చట్టం చేసింది. 2007 నుంచి కార్ల రీపెయింటింగ్ రంగులకి పరిమితులు అమల్లోకొచ్చాయి. అయితే చట్టం రాసినవాళ్ళు ఒక కిటికీ వదిలారు. పాతకాలపు వాహనాల పునరుద్ధరణ కోసం, కొద్ది పరిమాణంలో, లైసెన్సు మీద అమ్మనివ్వచ్చని. గాలి శుభ్రంగా ఉండాలన్నది న్యాయమే. పాత కారుకి దాని నాటి రంగే వేసుకోవాలన్న కోరికా న్యాయమే. రెండిటికీ చోటిచ్చిన చట్టం కనుక నాకు నచ్చింది. ఇలాంటి మినహాయింపు ఒక్క పేరా ఉన్నా మన చట్టాలు ఎంత మేలుగా ఉండేవో.

ఎన్ని సిల్‌లు మార్చినా, ఎన్ని అతుకులేసినా కొన్ని కార్లు ఇక నిలబడవు. 1980ల మధ్యకి వచ్చేసరికి చాలా ఎంజీబీల పరిస్థితి అదే. ఇంజను బాగుంటుంది, గేర్లు బాగుంటాయి, ఒళ్ళంతా జల్లెడ. మామూలుగా ఏ కారు కథైనా ఇక్కడితో అయిపోవాలి.

అవ్వలేదు, ఎందుకంటే డైలు మిగిలున్నాయి. రేకుని నొక్కి బానెట్‌గా, ఫెండర్‌గా, నేలపలకగా మార్చే ఆ టన్నుల బరువు ఉక్కు అచ్చులు. ఉత్పత్తి ఆగిపోతే ఏ కంపెనీ అయినా చేసేది వాటిని తుక్కుకి అమ్మెయ్యడం. గోడౌన్ అద్దె దండగ అంటాడు అకౌంట్స్ ఆయన. బ్రిటిష్ లేలాండ్ 1975లో పాత వస్తువుల సంరక్షణకని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అని ఒక చిన్న అనుబంధ సంస్థ పెట్టింది. అందులో డేవిడ్ బిషప్ అనే ఆయన నడుం కట్టి ఎంజీబీ డైల వెంటపడ్డాడు. వాటిని పోగేయించి, 1988లో ఫారింగ్డన్ అనే చోట ఎంజీబీ బాడీని మళ్ళీ కొత్తగా తయారు చెయ్యడం మొదలెట్టారు. కారు ఆగిపోయిన ఎనిమిదేళ్ళకి, అవే డైల మీద నొక్కిన కొత్త బాడీ! తుప్పు కారు యజమాని దాన్ని కొనుక్కుని, తన పాత ఇంజను, సస్పెన్షన్, స్టీరింగు, సీట్లు అన్నీ అందులోకి మార్చుకుని, తనకి నచ్చిన రంగేసుకోవచ్చు. తర్వాత మిడ్జెట్‌కీ, ట్రయంఫ్ టీఆర్6కీ కూడా చేశారు. ఇంకో తమాషా, రోవర్ కంపెనీయే ఈ బాడీని చూసి ఉత్సాహపడి, దాని ఆధారంగా వీ8 ఇంజనుతో 1992లో ఎంజీ ఆర్‌వీ8 తెచ్చింది. సుమారు 2,000 చేస్తే ఎక్కువ భాగం జపాన్‌కే వెళ్ళాయి.

సోర్స్ కోడ్ మన దగ్గరుంటే మెషీన్ కాలిపోయినా మళ్ళీ కంపైల్ చేసుకుంటాం కదా, ఇదీ అంతే. ఇంటి గ్యారేజీ వీరుల చేతి నైపుణ్యం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. తుక్కుబండి ఎక్కాల్సిన డైలని ఆపినవాళ్ళ గురించి అంత లేదు. నా లెక్కలో రెండోవాళ్ళదే పెద్ద పని. వాళ్ళు లేకపోతే మొదటివాళ్ళు పుట్టీ రుద్దుకుంటూ కూర్చునేవారు.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. ఒళ్ళు 1988 తర్వాతది, ఇంజను 1967ది, రంగు నిన్నటిది. కారు ఏ ఏడాదిది?

ఇది కోర్టు దాకా వెళ్ళింది, ఎంజీబీ మీద కాదు గానీ బెంట్లీ మీద. ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ 1929, 1930లలో లీ మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. తర్వాత రేసు రేసుకీ దాని సామాన్లు మారుతూ వచ్చాయి. 1932లో బ్రూక్‌లాండ్స్ రేసులో పడిపోయి డ్రైవరు క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మిగిలినదాన్ని మళ్ళీ కట్టారు. దాన్ని కోటి పౌండ్లకి కొంటానని ఒప్పుకున్న కంపెనీ, ఇది అసలు కారే కాదని వెనక్కి తగ్గింది. 1990లో లండన్ హైకోర్టులో జడ్జి ఆటన్ తీర్పిచ్చారు. 1929 నాటి భాగాలు దాదాపు ఏమీ మిగల్లేదు, కాబట్టి ఒరిజినల్ అనలేం. కానీ మధ్యలో ఎక్కడా తెగిపోకుండా అదే కారుగా కొనసాగుతూ మార్పులకి లోనైంది, కాబట్టి ఇది నిజమైన ఓల్డ్ నంబర్ వనే. కొంటానన్నవాళ్ళు కొనాల్సిందే. మన తాతగారి గొడ్డలి జోకుని, అదే, పిడి మూడుసార్లూ తల రెండుసార్లూ మార్చినా అదే గొడ్డలి అనే జోకుని, కోటి పౌండ్ల మీద తేల్చిన తీర్పు.

రిజిస్ట్రేషన్ వాళ్ళకి ఇంత తత్వం అక్కర్లేదు, వాళ్ళకి లెక్క కావాలి. బ్రిటన్‌లో బాగా మార్చిన బళ్ళకి చాలాకాలం ఒక మార్కుల పద్ధతి నడిచింది. అసలు బాడీ గానీ, అలాంటిదే కొత్తది గానీ ఉంటే 5 మార్కులు. సస్పెన్షన్‌కి 2, యాక్సిళ్ళకి 2, గేర్లకి 2, స్టీరింగుకి 2, ఇంజనుకి 1. ఎనిమిది వస్తే పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్త హెరిటేజ్ బాడీకి కూడా ఐదూ వచ్చేవి కాబట్టి పాత కారు పాత కారే. ఇంజనుకి ఒక్క మార్కే వెయ్యడం చూస్తే మన ఆర్టీవోలు మూర్ఛపోతారు :)

మన దగ్గర 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్సు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటినవాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు. మంచిదే. కానీ షరతు ఏంటంటే బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లోనో బాడీలోనో ఇంజనులోనో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మార్పులన్న మాటని పట్టి పట్టి చదివే అధికారి చేతిలో పడితే కొత్త ఒళ్ళు తొడిగిన ఎంజీబీ పాసవుతుందా అన్నది అనుమానమే. అక్కడివాళ్ళు కారుని ఒక కొనసాగింపుగా చూశారు, మనవాళ్ళు ఒక వస్తువుగా చూశారు. నాకు ఆటన్ గారి పద్ధతే నచ్చుతుంది. మన గుళ్ళలో ఎన్నింటి ధ్వజస్తంభాలు మార్చలేదు, పాత గుడే అంటున్నామా లేదా?

అన్నట్టు అబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ ఏదైనా చేతికి చిక్కితే, గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ళకి ఛాసిస్ నంబరు పంపి రుసుము కట్టండి. ఫ్యాక్టరీ రిజిస్టర్లు వాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ కారు ఏ రోజు తయారైంది, ఇంజను నంబరెంత, ఏ దేశానికి పంపారు, మొదటి రంగు టార్టన్ రెడ్డా, ఐరిస్ బ్లూనా, ఓల్డ్ ఇంగ్లిష్ వైటా అన్నది సర్టిఫికెట్ మీద అచ్చేసి ఇస్తారు. మన అంబాసిడర్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో ఆగిపోయింది. 2017లో దాని పేరుని ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. పేరుకి ధర కట్టారు. మీ నాన్నగారి అంబాసిడర్‌కి మొదట్లో ఏ రంగుండేదో తెలుసుకోవాలంటే మాత్రం ప్రస్తుతానికి ఆయన్నే అడగాలి.